‘నా టికెట్లు’ నొక్కితే ఆయన టికెట్లు

ప్రశ్న: మాది రాయగడ. ఒక కాలేజీ కంప్యూటర్ సెక్షన్లో నలుగురం పనిచేస్తాం. ఫిర్యాదులన్నీ రిక్వెస్ట్ ట్రాకర్‌లో, అంటే ఆర్‌టీలో, టికెట్లుగా వస్తాయి. మా సీనియర్ గారు ‘నా టికెట్లు’ అని ఒక సెర్చ్ సేవ్ చేసి అందరికీ పెట్టారు, కానీ నేను తెరిచినా ఆయన టికెట్లే కనిపిస్తాయి. మజ్జిగౌరమ్మ చైత్ర ఉత్సవాలకు సెలవు పెట్టి తిరిగొచ్చేసరికి నా పేరు మీద రెండు టికెట్లు వారం నుంచి పడి ఉన్నాయట, తిట్లు మాత్రం నాకు. నలుగురికీ నాలుగు సెర్చ్‌లు చేసుకోవాలా?

జవాబు: అక్కర్లేదండీ, ఒక్కటి చాలు. మీ సీనియర్ గారు ఓనర్ (టికెట్ ఎవరి బాధ్యతో ఆ మనిషి) దగ్గర జాబితాలోంచి తన పేరు ఎంచుకుని ఉంటారు, ఆ పేరే క్వెరీలో, అంటే సెర్చ్ షరతుల్లో, ఉండిపోయింది, ఇక ఎవరు తెరిచినా అది ఆయన్నే వెతుకుతుంది. అక్కడ పేరు కాదు, ‘నేను’ ఉండాలి. మీరు తెలుగులో ‘నేను’ అన్నా, పక్క కుర్చీలో ఆయన ఒడియాలో ‘ము’ అన్నా, ఎవరి నోట వస్తే వాళ్లే కదా. ఆర్‌టీకి ఆ మాట ఏమిటంటే, ముందు రెండు అండర్‌స్కోర్లు, ఖాళీ లేకుండా కరెంట్‌యూజర్, చివర మళ్లీ రెండు అండర్‌స్కోర్లు. ఇంగ్లిషులో సీ, యూ మాత్రం పెద్ద అక్షరాలు. ఆయన్నే ఆ సెర్చ్ తెరిచి, ‘అడ్వాన్స్‌డ్’ పేజీకి వెళ్లి, ఓనర్ పక్కన కోట్స్ మధ్య తన పేరు తీసేసి ఇది పెట్టమనండి. ఒక్కో అండర్‌స్కోరే కొట్టి గంటసేపు తల పట్టుకున్నవాణ్ని నేను, లెక్కపెట్టుకోండి.

ఎవరూ తీసుకోని టికెట్లు కూడా అందులోనే కావాలనిపిస్తుంది. అవి ‘నోబడీ’ పేరు మీద ఉంటాయి, ‘ఆర్’ (ఇంగ్లిషు OR, అంటే ‘లేదా’) పెట్టి కలపొచ్చు, కానీ ఆ రెండు ఓనర్ షరతుల చుట్టూ బ్రాకెట్లు పెట్టాల్సిందే. లేకపోతే సెర్చ్‌లో ‘స్టేటస్ ఓపెన్’ అన్న షరతు ఉంటే అది మొదటి ఓనర్‌కే అతుక్కుని, నోబడీ వైపు నుంచి ఎప్పుడో మూసేసినవి కూడా వరదలా వచ్చిపడతాయి.

సేవ్ చేసేది సొంత సెర్చ్‌ల కింద కాదు, మీ గ్రూపు కింద. వాటిని చూసే హక్కు అడ్మిన్ అందరికీ ఇవ్వాలి. మార్చే హక్కు ఒకరిద్దరికి చాలు, లేదంటే ఎవరో తనకు నచ్చిన వరసలో పెట్టుకుని అప్‌డేట్ నొక్కితే నలుగురికీ మారిపోతుంది. వేరే వరస కావాలన్న వాళ్లు కాపీ తీసి తమ కింద సేవ్ చేసుకోవచ్చు.

మీరు అడగలేదు గానీ, ఇలాంటి టికెట్ల సాఫ్ట్‌వేరే అయిన జీరాలో అయితే కరెంట్‌యూజర్ పక్కన ఖాళీ బ్రాకెట్ల జత పెడతారు, అండర్‌స్కోర్లు, కోట్స్ ఏవీ ఉండవు. అలాంటిదే మరొకటి, రెడ్‌మైన్‌లో ఆ తంటా కూడా లేదు, పేర్ల జాబితాలోనే ‘నేను’ అని ఉంటుంది, ఎంచుకోవడమే.