స్లో కుక్కర్‌లో చికెన్ నీళ్లగా వస్తోందా?

ఇంట్లో 8 మంది, మటన్ ఎవరూ తినరు, స్లో కుక్కర్‌లో (తక్కువ వేడి మీద గంటల తరబడి వండే కరెంటు గిన్నెలో) చికెన్ కూర పెడితే నీళ్లనీళ్లగా, ముక్క పీచుపీచుగా వస్తోందన్నారు కదండీ. అసలు నీళ్లు పోయకండి. ఆవిరి మూతకు పట్టి, బొట్లుబొట్లుగా మళ్లీ కూరలోకే జారుతుంది. టమాటా, కోడి వదిలే ఊటే చాలు. బ్రెస్ట్ మానేసి తొడ ముక్కలు 2 కిలోలు తీసుకోండి, తక్కువ వేడి మీద 6 గంటలు. ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి మాత్రం ముందే బాణలిలో ఎర్రగా వేయించాలి, లేకపోతే పచ్చి వాసన సాయంత్రానికీ పోదు. పెరుగు చివరి అరగంటలోనే.

రాజ్మా కూడా వండుతానన్నారు, ఇదొక్కటీ మర్చిపోకండి: రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, స్టవ్ మీద కనీసం 10 నిమిషాలు తెర్లించాకే స్లో కుక్కర్‌లో వేయండి. తక్కువ వేడికి గింజలోని విషం పోదు, పిల్లలకు వాంతులవుతాయి.