రొమేనియా బాంబర్ కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ చదివాను. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ రేవు నగరం ఒడెస్సా మీద బాంబులు వెయ్యడానికి వెళ్లే రొమేనియా విమానం, అందులో అయిదుగురు కుర్రాళ్లు. నీకు విమానాలంటే ఎంత ప్రేమో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది, అది నాకు నచ్చింది. కానీ కథ ఏ ఏడాది, ఏ నెలలో జరుగుతోందో ఎక్కడా లేదు. 'యుద్ధం జరుగుతున్న రోజుల్లో' అని వదిలేశావు. వేరే దేశం కథైతే ఎలాగో గడిచిపోయేదేమో, రొమేనియాకి మాత్రం అలా కుదరదు. అక్కడ శత్రువెవరో, మిత్రుడెవరో, రెక్క మీద ఏ గుర్తు వేసుంటుందో, పాడైన ఇంజనుకి సామాను ఎక్కడినుంచి రావాలో అన్నీ తేదీని బట్టే మారిపోతాయి. ముందు అది తేల్చుకుని తర్వాత కలం పట్టు.

1941 జూన్ 22 తీసుకో, జర్మనీ, దాని పక్షాన రొమేనియా సోవియట్ యూనియన్ మీద దాడి మొదలుపెట్టిన రోజు. ఆనాటి రొమేనియా బాంబర్లు ఒక్క దేశంలో పుట్టినవి కావు. ఇటలీ నుంచి సావోయాలు, జర్మనీ నుంచి హైంకెల్ 111లు, ఫ్రాన్స్ నుంచి పొటేజ్‌లు, బ్రిటన్ నుంచి వచ్చిన బ్లెన్‌హైమ్‌లు. వీటికి తోడు 1939 సెప్టెంబరులో పోలండ్ కూలిపోతుంటే పోలిష్ పైలట్లు సరిహద్దు దాటించి తెచ్చిన వోష్ విమానాల్ని కూడా రొమేనియా తన దళంలో కలిపేసుకుంది. ఇప్పుడు ఆలోచించు, పోలండ్ లేదు, ఫ్రాన్స్ ఓడిపోయింది, బ్రిటన్ అవతలి పక్షం. ఒక పంపు చెడితే కొత్తది ఎవరిస్తారు? నీ కథలో మెకానిక్ అనేవాడే లేడు! అసలు టెన్షన్ అంతా వాడి దగ్గరే ఉంది కదా, రాత్రంతా ఒక విమానం విప్పి ఇంకో విమానాన్ని బతికించేవాడి దగ్గర.

సావోయాకి నువ్వు మూడు ఇంజన్లు పెట్టావు. ఇటలీ వాళ్లు ఎగరేసింది అదే, కానీ రొమేనియా తీసుకున్నది రెండు ఇంజన్ల రకం. మొదట వచ్చినవాటికి శక్తి చాల్లేదు, తర్వాత బ్రాషోవ్‌లోని ఐ.ఎ.ఆర్. ఫ్యాక్టరీలో జర్మన్ యూమో ఇంజన్లు బిగించి సొంతంగా తయారుచేసుకున్నారు. ఇదేదో తప్పు పట్టడానికి చెప్పడం లేదు. ముక్కులో మూడో ఇంజను లేదు కాబట్టి ఆ చోటంతా అద్దాలు పెట్టారు, బాంబులు గురిచూసి వేసేవాడు అక్కడే ఉంటాడు. పైలట్‌కి ఆకాశం కనిపిస్తుంది, వీడికి కింద ఊరు కనిపిస్తుంది. నువ్వు పైలట్ చేత కథ చెప్పించావు. నా మాట విను, ఈ అద్దాల వెనకవాడి చేత చెప్పించు.

ఎందుకంటే కింద ఏముందో నీ కథలో ఎక్కడా లేదు. ఒడెస్సా ముట్టడి 1941 ఆగస్టులో మొదలై అక్టోబరు 16న నగరం పడిపోయేదాకా సాగింది. అదే నెల 22న నగరంలోని రొమేనియా సైనిక కార్యాలయం పేలిపోయింది, దానికి ప్రతీకారంగా రొమేనియా సైన్యం వేలాది యూదుల్ని చంపేసింది. అంతకు ముందే, జూన్ చివర్లో, యాష్ నగరంలో ఇంకో ఘోరం జరిగింది. సోవియట్ విమానాలు ఊరి మీద దాడి చేస్తే, వాటికి సైగలు చేసింది యూదులేనని పుకారు లేపి, ఆ పేరుతో ఊచకోత కోశారు. రొమేనియా అధికారుల లెక్కలోనే 13 వేలకు పైగా మనుషులు. బాంబర్ల గురించి రాసేవాడు ఇది దాటేసి పోకూడదు తమ్ముడూ. నీ అయిదుగురూ దుర్మార్గులు కానక్కర్లేదు. 1940లో సోవియట్లు లాక్కున్న బెస్సరాబియాలో సొంత ఇల్లున్నవాడు వాళ్లలో ఒకడుండొచ్చు, వాడి కోపం న్యాయమైనదే కావచ్చు. కానీ తమ సైన్యం కింద ఏం చేస్తోందో వాళ్లు విన్నారా, వింటే మెస్‌లో ఎవరు మాట్లాడారు, ఎవరు తల దించుకుని తిన్నారు, అది రాయి.

మనసు విరిగినవాళ్లూ లేకపోలేదు. 1943 జూలైలో నికొలాయె తెయొదోరు అనే రొమేనియా పైలట్ యుంకర్స్ 88 అనే జర్మన్ తయారీ విమానాన్ని నేరుగా సైప్రస్ తీసుకెళ్లి బ్రిటిష్ వాళ్లకి అప్పగించేశాడు. ఆ విమానం ఇప్పటికీ అమెరికాలో డేటన్ మ్యూజియంలో ఉంది, ఫొటోలు దొరుకుతాయి, కాక్‌పిట్ వర్ణించేముందు చూడు.

ఇక నువ్వు అసలు తాకని చోటు, నా దృష్టిలో అన్నిటికన్నా గొప్ప చోటు, 1944 ఆగస్టు. 23న రాజు మిహాయ్, దేశాన్ని ఏలుతున్న నియంత అంటొనెస్కుని అరెస్టు చేయించి, జర్మనీని వదిలి పక్షం మార్చేశాడు. మర్నాటి నుంచి జర్మన్ విమానాలు బుకారెస్ట్ మీద బాంబులు వేశాయి. నిన్నటిదాకా జర్మన్లతో కలిసి ఎగిరిన హైంకెల్ సిబ్బంది అదే హైంకెల్‌లో జర్మన్ల మీదికి వెళ్లాలి, రెక్క మీది పసుపు శిలువ చెరిపేసి మూడు రంగుల వలయం వేసుకుని. విడిభాగాలు ఇచ్చిన దేశమే ఇప్పుడు శత్రువు. ట్రాన్సిల్వేనియా, హంగరీ, చెకోస్లొవేకియా దాకా, సోవియట్ల ఆజ్ఞల కింద, 1945 మే వరకు అలాగే ఎగరాలి.

పెయింట్ ఇంకా ఆరని ఆ విమానం మొదటిసారి లేచేటప్పుడు నీ గన్నర్ ఏ దిక్కు చూస్తుంటాడు? చుట్టూ ఎగిరేవాటిలో ఏది మనది, ఏది వాళ్లది అని ఎలా పోలుస్తాడు, రెండూ ఒకే ఫ్యాక్టరీవైతే? ఆ ఒక్క వారం గురించే పది పేజీలు రాసి పంపు. ఒడెస్సా భాగం అది చదివాక కూర్చుని మాట్లాడుకుందాం.

నీ
అన్నయ్య