స్పీడ్ కీలు సరే, ప్లేస్‌మెంట్ సంగతేంటి?

ప్రశ్న: నేను రాజమండ్రి దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. నోట్స్ రాసుకోవడానికి ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్లో ఆర్గ్ మోడ్ అనే టూల్ మొదలుపెట్టాను. హెడ్డింగ్ మొదట్లో కర్సర్ ఉంచి ఒక్క అక్షరం నొక్కితే పని జరిగిపోయే ‘స్పీడ్ కీలు’ నాకు బాగా నచ్చాయి. వాటిని నాకు కావలసినట్టు మార్చుకుంటూ ఎలిస్ప్ (ఈమ్యాక్స్‌ను మార్చుకోవడానికి వాడే భాష) కూడా కొంత నేర్చుకున్నాను. నా ఫ్రెండ్స్ అంతా డీఎస్‌ఏ (డేటా స్ట్రక్చర్లు, అల్గారిథమ్‌లు) ప్రాక్టీస్‌లో మునిగి ఉన్నారు. ‘రాత్రంతా ఆ మీటలు మార్చుకుంటూ కూర్చుంటే ఉద్యోగం ఎవడిస్తాడు?’ అని నాన్నగారు కోప్పడుతున్నారు. దీన్ని రెజ్యూమెలో పెట్టొచ్చా? దీనితో ఏ ఉద్యోగాలు వస్తాయి? లేక వదిలేయాలా?

జవాబు: వదిలేయక్కర్లేదు. అయితే దీన్ని చూసి ఉద్యోగం ఇచ్చే కంపెనీ ఏదీ మీ క్యాంపస్‌కు రాదు. ఈ విషయంలో మీ నాన్నగారిదే రైటు. 2003లో ఆర్గ్ మోడ్ మొదలుపెట్టిన కార్స్టెన్ డొమినిక్ ఆమ్‌స్టర్‌డ్యామ్ యూనివర్సిటీలో ఖగోళ శాస్త్రవేత్త. తన నోట్స్, తన పనుల చిట్టా సర్దుకోవడానికి రాసుకున్న టూల్ అది. తర్వాత ఈమ్యాక్స్‌లోనే భాగమైపోయింది, ప్రపంచమంతా వాడుతోంది. ఆయన మాత్రం ఖగోళశాస్త్రం వదల్లేదు.

మీరు సంపాదించుకున్నది ఆ మీటల సెట్టింగులు కాదు, అవి ఎలా పనిచేస్తాయన్న అవగాహన. ఉద్యోగానికి అక్కరకొచ్చేది అదే. ఇది చదివే మిగతావాళ్ల కోసం కాస్త వివరిస్తాను. ఆర్గ్ ఫైల్లో ప్రతి హెడ్డింగ్ నక్షత్రం గుర్తుతో మొదలవుతుంది. స్పీడ్ కీలు మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి, మనమే ఆన్ చేసుకోవాలి. ఆన్ చేశాక కర్సర్ సరిగ్గా మొదటి నక్షత్రం ముందు ఉంటే, ‘ఎన్’ నొక్కగానే కింది హెడ్డింగ్‌కు, ‘పీ’ నొక్కగానే పై హెడ్డింగ్‌కు వెళ్తుంది. ‘టీ’ నొక్కితే చేయాల్సిన పని కాస్తా అయిపోయిన పనిగా మారుతుంది. కర్సర్‌ను ఆ నక్షత్రాలు దాటించి చూడండి, ‘టీ’ అంటే మళ్లీ మామూలు ‘టీ’ అక్షరమే.

ఒకే మీట రెండు చోట్ల రెండు పనులు ఎలా చేస్తోంది? ఇంటర్వ్యూలో మీ హాబీ ప్రస్తావన వస్తే సంభాషణను ఈ ప్రశ్న వైపు నడిపించండి. అక్షరం నొక్కగానే ఆర్గ్ దాన్ని నేరుగా ఫైల్లో వేసేయదు. ముందు కర్సర్ ఎక్కడుందో చూస్తుంది, ఆ చోటు షరతుకు సరిపోతే ఒక పట్టికలో ఆ అక్షరాన్ని వెతుకుతుంది. దొరికితే పక్కనున్న కమాండ్ నడుస్తుంది, దొరక్కపోతే అక్షరమే పడుతుంది. ఆ పట్టిక ఒక మామూలు జాబితా, పైనుంచి వెతికితే మొదట తగిలిందే ఖాయం. అందుకే మీరు కొత్తగా చేర్చిన అక్షరం, కమాండ్ జంట జాబితా ముందు వైపు చేరి, పాతదాన్ని చెరపకుండానే కప్పేస్తుంది. ‘హ్యాష్ టేబుల్ (వరసగా వెతక్కుండా నేరుగా కావలసిన ఎంట్రీ దగ్గరికి వెళ్లే పట్టిక) ఎందుకు వాడలేదు?’ అని అడుగుతారు. కొన్ని పదుల ఎంట్రీలున్న పట్టికకు, అదీ మనిషి వేలు నొక్కే వేగానికి, అంత అవసరం లేదని చెప్పండి. ఇంకొకటి కూడా చెప్పొచ్చు. ఈ పట్టికలో ‘కే’ నొక్కితే హెడ్డింగ్, దాని కిందున్నదంతా అడక్కుండానే కట్ అయిపోతుంది. ‘ఏ’ నొక్కితే మాత్రం ఆర్కైవ్‌లోకి పంపేముందు ‘నిజంగానా?’ అని అడుగుతుంది. ఎందుకీ తేడా? కట్ చేసింది అన్‌డూ చేస్తే అక్కడికక్కడే తిరిగొస్తుంది. ఆర్కైవ్ చేసింది మామూలుగా ఇంకో ఫైల్లోకి వెళ్లి కూర్చుంటుంది. నాకు తోచిన కారణం ఇది, మీకు వేరే కారణం తోస్తే అదే చెప్పండి. డీఎస్‌ఏ, డిజైన్ రెండూ మీ నోట్స్ ఫైల్లోనే ఉన్నాయన్నమాట.

ఇక చేదు మాట. క్యాంపస్ టెస్టులు ఎక్కువగా బ్రౌజర్లోనే రాయాలి, మీ ఈమ్యాక్స్ అక్కడికి రాదు. మీ వేళ్లకు కంట్రోల్ డబుల్యూ అంటే కట్. బ్రౌజర్‌కు ట్యాబ్ మూసేయడం. కంట్రోల్ ఎన్ మీకు కింది లైను, దానికి కొత్త విండో. నిఘా ఉన్న టెస్టులో విండో మారితే వార్నింగ్ పడుతుంది, కొన్నిచోట్ల టెస్టే ఆగిపోతుంది. కాబట్టి డీఎస్‌ఏ ప్రాక్టీస్ ఈమ్యాక్స్‌లో చేయకండి. బ్రౌజర్‌లోని మామూలు ఎడిటర్లో, మౌస్‌తో, విసుగొచ్చినా సరే అక్కడే చేయండి. పరీక్ష రోజు ఆ టెన్షన్ మీకొద్దు.

రెజ్యూమె సంగతికొస్తే, ‘ఈమ్యాక్స్‌లో నైపుణ్యం’ అని రాస్తే హెచ్‌ఆర్‌కు అర్థం కాదు, అర్థమైన ఇంజినీరు చిరునవ్వు నవ్వి ఊరుకుంటాడు. మీ సెట్టింగులు మీ ఒక్కరికే ఉపయోగం. ఇదే ఆలోచనను పదిమందీ వాడే ఎడిటర్లోకి తీసుకెళ్లండి. వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌కు టైప్‌స్క్రిప్ట్ భాషలో ఒక ఎక్స్‌టెన్షన్ (అదనపు సౌకర్యం చేర్చే చిన్న ప్రోగ్రాం) రాయండి. మార్క్‌డౌన్ (మామూలు టెక్స్ట్‌లోనే గుర్తులతో హెడ్డింగులు పెట్టే పద్ధతి) ఫైల్లో హెడ్డింగ్ లైను మొదట్లో కర్సర్ ఉంటే ఒక్క అక్షరంతో కిందికీ పైకీ వెళ్లడం, మడవడం, హెడ్డింగ్ స్థాయి మార్చడం, ఇవి చాలు మొదటి విడతకు. వీఎస్ కోడ్‌లో ప్రతి షార్ట్‌కట్‌కూ ‘వెన్’ అనే షరతు తగిలించొచ్చు. కర్సర్ కదిలినప్పుడల్లా చోటు చూసి ఆ షరతును మీ కోడే ఆన్, ఆఫ్ చేస్తుంది. ఆర్గ్‌లో మీకు తెలిసినదే, భాషే వేరు. ఎవరి మీటలు వాళ్లు మార్చుకునే వీలు ఎలాగూ వీఎస్ కోడ్‌లో ఉంది.

దానికి తెలుగు సమస్య ఒకటి జోడిస్తే ప్రాజెక్టు మీదవుతుంది. మీరు తెలుగులో నోట్స్ రాస్తూ కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల అమరికలో ఉంచారనుకోండి. హెడ్డింగ్ ముందు ‘ఎన్’ మీట నొక్కితే వచ్చేది ‘ల’. ‘పీ’ మీటకు ‘జ’. పట్టికలో ఆ అక్షరాలు లేవు కాబట్టి కర్సర్ కదలదు, నక్షత్రం ముందు ‘ల’ వచ్చి పడుతుంది, హెడ్డింగ్ కాస్తా మామూలు లైను అయిపోతుంది. ఆర్గ్‌లో దీనికి విరుగుడు తేలిక, పట్టికలో ‘ల’కూ ‘జ’కూ అవే కమాండ్లు జత చేస్తే సరి. వీఎస్ కోడ్‌లో అయితే అక్షరాన్ని బట్టి కాక కీబోర్డు మీద మీట ఉన్న స్థానాన్ని బట్టే షార్ట్‌కట్ పెట్టొచ్చు, అప్పుడు ఏ భాషలో టైపు చేస్తున్నా పనిచేస్తుంది. తెలుగువాళ్లే కాదు, హిందీ, తమిళం టైపు చేసేవాళ్లకూ ఇదే ఇబ్బంది. ‘ఈ సమస్య ఎలా కనిపెట్టావు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే చెప్పడానికి మీ దగ్గర నిజమైన జవాబుంటుంది. ఫైనలియర్ ప్రాజెక్టుల్లో ఆ మాట చెప్పగలిగేవాళ్లు తక్కువ.

ఆర్గ్‌కే ఏదైనా చేయాలని ఉంటే మాన్యువల్‌లో చిన్న సవరణతో మొదలుపెట్టండి. స్పీడ్ కీలు మార్చుకునే వేరియబుల్ పేరు 2021లో వచ్చిన 9.5 వెర్షన్‌తో మారింది. చివర ‘యూజర్’ అని ఉండే పాత పేరుకు కాలం చెల్లింది. పాత ట్యుటోరియల్స్ చూసి తికమకపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, మీరూ పడే ఉంటారు. ప్యాచ్ (మీరు చేసిన మార్పుల ఫైలు) ఈమెయిల్‌లో పంపాలి. సుమారు 15 లైన్ల లోపు మార్పులకు కాగితాల పని ఉండదు, అది దాటితే ఈమ్యాక్స్ వెనకున్న ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు కాపీరైట్ రాసివ్వాలి. మీ ప్యాచ్ తీసుకుంటే ఆ ఒక్క లింకు రెజ్యూమెలో పెట్టండి, సర్టిఫికెట్ కోర్సులన్నిటికంటే నేనైతే దానికే విలువిస్తాను.

ఏ ఉద్యోగాలంటారా? ఫ్రంట్ ఎండ్ (వాడేవాళ్లకు తెర మీద కనిపించే భాగం చేసే పని), అందులోనూ మౌస్ వాడలేనివాళ్ల కోసం కీబోర్డుతోనే పనంతా జరిగేలా చూసే యాక్సెసిబిలిటీ పని. కంపెనీల్లో తోటి డెవలపర్ల కోసం టూల్స్ చేసే టీములు. రాయడం ఇష్టమైతే టెక్నికల్ రైటింగ్, హైదరాబాద్, బెంగళూరుల్లో దీనికి అవకాశాలున్నాయి, మన పిల్లలే అటు చూడరు. కాకపోతే ఫ్రెషర్‌గా నేరుగా టూల్స్ టీములో చేరడం కష్టం. మామూలు డెవలపర్‌గా చేరి లోపల మారడమే ఎక్కువమంది దారి.

నాన్నగారితో వాదన పెట్టుకోకండి. హెడ్డింగ్ ముందు పెద్ద ‘ఐ’ నొక్కితే గడియారం మొదలవుతుంది, పెద్ద ‘ఓ’ నొక్కితే ఆగుతుంది, మీకు తెలిసిందేగా. డీఎస్‌ఏకు ఒక హెడ్డింగ్, ఎక్స్‌టెన్షన్‌కు ఒకటి, సెట్టింగులు కెలకడానికి ఒకటి పెట్టి నెల రోజులు నిజాయితీగా నొక్కండి. నెలాఖరున క్లాక్ టేబుల్ (ఏ హెడ్డింగ్‌కు ఎంత సమయం పట్టిందో చూపే పట్టిక) తీసి ఆయనకు చూపించండి. ప్లేస్‌మెంట్లు అయ్యేదాకా మూడో హెడ్డింగ్‌లో గంటలు మొదటిదానిలో ఐదో వంతు దాటకూడదు. దాటితే ఆయన కోప్పడటంలో తప్పేం లేదు.