సిట్రజిన్ వేసుకుని రొయ్యలు తినొచ్చా? రెండోసారి గొంతు కూడా పట్టేసింది

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా వారికి 36 ఏళ్లు. చిన్నప్పట్నుంచీ రొయ్యలు తిన్న మనిషే, ఎప్పుడూ ఏమీ కాలేదు. పోయిన సంక్రాంతికి రొయ్యల వేపుడు తిన్నాక నోరంతా దురద, ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి, టాబ్లెట్ వేసుకుంటే తగ్గిపోయింది. మొన్న పెళ్లిలో ముందే సిట్రజిన్ వేసుకుని రొయ్యల బిర్యానీ తిన్నారు, అదీ ముక్కలు పక్కన పెట్టేసి రైస్ మాత్రమే. కొంచెం మద్యం తీసుకున్నారు, ఊరేగింపులో డాన్స్ కూడా చేశారు. అరగంటలో పెదాలు, కళ్లు వాచిపోయి, వాంతి అయి, గొంతు బొంగురుపోయి, కళ్లు తిరుగుతున్నాయంటూ కూలబడిపోయారు. దగ్గర్లో డాక్టర్ గారు అవిల్, డెకడ్రాన్ ఇంజెక్షన్లు చేస్తే తగ్గింది, తెల్లవారుజామున మళ్లీ దద్దుర్లు వచ్చాయి. చెరువుల్లో వేసే మందుల వల్లే ఇలా, సముద్రపు రొయ్య తింటే ఏం కాదని కొందరంటున్నారు. రోజూ కొంచెం కొంచెం తింటే అలవాటైపోతుందని మా మావయ్య గారు అంటారు. అలర్జీ ప్యానెల్ చేయిస్తే వంకాయ, గోధుమ, పాలు, టమాటా కూడా పడవని వచ్చింది, అవన్నీ మానేసి చిక్కిపోయారు. చేపలైనా తినొచ్చా? మా బాబుకి 4 ఏళ్లు, వాడికీ వస్తుందా?

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత, ముందు ఇది చెప్తాను, మీ మావయ్య గారు చెప్పిన ప్రయోగం మాత్రం ఇంట్లో చేయకండి. కొన్ని ఆహారాలకి కొంచెం కొంచెం పెట్టి అలవాటు చేసే ట్రీట్‌మెంట్ ఉన్నమాట నిజమే, వేరుశెనగ అలర్జీ ఉన్న పిల్లలకి విదేశాల్లో చేస్తున్నారు కూడా, కానీ అది స్పెషలిస్టు డాక్టర్లు కొలిచి ఇచ్చే డోసుతో, తేడా వస్తే ఆదుకునే ఏర్పాట్లన్నీ పక్కన పెట్టుకుని చేసే పని, మనింట్లో కంచం ముందు చేసేది కాదు.

సంక్రాంతికి వచ్చింది ఒట్టి దద్దుర్లే అనుకుందాం. పెళ్లిలో జరిగింది అలా కాదు. చర్మం మీద వాపు, కడుపులో వాంతి, గొంతు మారడం, బీపీ పడిపోయి కూలబడటం, ఇవన్నీ ఒకేసారి వచ్చాయంటే దాన్ని అనాఫిలాక్సిస్ అంటాం, ప్రాణం మీదకి వచ్చే అలర్జీ. ఆ రోజు గట్టెక్కారు, సంతోషం, కానీ తర్వాతిసారి ఎలా ఉంటుందో ముందే చెప్పడం ఎవరి వల్లా కాదు, పోయినసారి అవిల్‌తో తగ్గిందిగా అనే ధీమా అస్సలు పనికిరాదు.

అవిల్, సిట్రజిన్ లాంటివి దురద, దద్దుర్లు తగ్గిస్తాయి, అంతే. మూసుకుపోతున్న గొంతుని అవి తెరవలేవు, పడిపోతున్న బీపీని లేపలేవు. డెకడ్రాన్ స్టెరాయిడ్, అది పనిచేయడానికి గంటలు పడుతుంది. ఆ టైంలో కావాల్సిన మందు అడ్రినలిన్, పెద్దవాళ్లకి అర మిల్లీగ్రాము, తొడ బయటి వైపు కండలోకి, అది కూడా ఆలస్యం లేకుండా ఇవ్వాలి. తగ్గకపోతే 5 నిమిషాల తర్వాత మళ్లీ ఇవ్వొచ్చు. ఖరీదైన మందేమీ కాదు, కానీ గుండెకి ఏమన్నా అవుతుందేమోనని మా డాక్టర్లలోనే కొందరు వెనకాడతారు. కండలోకి సరైన డోసు ఇస్తే ప్రమాదం చాలా తక్కువ, ఇవ్వకుండా కూర్చోవడమే అసలు ప్రమాదం. ఇంకోసారి ఇలా అయితే 108కి ఫోన్ చేయండి, మనిషిని పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో పెట్టండి, ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టండి కానీ లేపి నడిపించొద్దు, ఆసుపత్రికి వెళ్లగానే రొయ్యల అలర్జీ, అడ్రినలిన్ కావాలి అని మీరే నోరు తెరిచి చెప్పండి. తగ్గిపోయింది కదా అని వెంటనే ఇంటికి తీసుకొచ్చేయకండి. కొన్ని గంటల తర్వాత రెండో విడత రావచ్చు, మీ వారికి తెల్లవారుజామున వచ్చింది అదే.

బయటి దేశాల్లో అడ్రినలిన్ పెన్నుల్లాగా దొరుకుతుంది, జేబులో పెట్టుకు తిరుగుతారు. మన మందుల షాపుల్లో మామూలుగా దొరకదు, అందుకని అలర్జీ డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఇంట్లో యాంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు సీసా), సిరంజి పెట్టుకోవాలా, ఎలా వేయాలి అని అడిగి మీరిద్దరూ నేర్చుకోండి. మీరు కూడా అని ఎందుకంటున్నానంటే ఆ టైంలో ఆయన చేతులు ఆయన మాట వినవు.

ఇక సముద్రపు రొయ్య సంగతి. వెనామీ అయినా టైగర్ అయినా నీలకంఠ రొయ్య అయినా, చెరువులో పెరిగినా సముద్రంలో పట్టినా, కండలో ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, ఎక్కువ మందికి గొడవ దానితోనే. పీతల్లోనూ అదే. చెరువులో వాడే మందుల మీద అనుమానాలు ఉంటే ఉండనివ్వండి, అది వేరే చర్చ, మీరు రాసిన లక్షణాలు మాత్రం రొయ్యకే సరిపోతున్నాయి. ఈ ప్రోటీన్ ఉడికించినా వేయించినా పాడవదు, పైగా పులుసులోకి, అన్నంలోకి దిగుతుంది, ముక్కలు తీసేసి రైస్ తిన్నా రియాక్షన్ వచ్చింది అందుకే. మన గోదావరి జిల్లాల వంటల్లో ఇంకో చిక్కు ఉంది, వంకాయలో గుప్పెడు ఎండు రొయ్యలు, చుక్కకూరలో ఇంకాసిని, అడక్కపోతే ఎవరూ చెప్పరు. హోటల్లో రొయ్యలు వేయించిన నూనెలోనే చేప వేపుడు చేస్తారు. కొందరికైతే రొయ్యలు ఉడికే ఆవిరికే ఆయాసం వస్తుంది. ప్యాకెట్ ఫుడ్ అయితే రొయ్య, పీత జాతివి ఉంటే లేబుల్ మీద వేయాలని ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్ ఉంది, తెలిసినవాళ్లు డబ్బాలో పెట్టి పంపే పచ్చడికి లేబుల్ ఎక్కడిది!

ఇన్నేళ్లు లేనిది ఇప్పుడేంటి అంటారా, రొయ్యల అలర్జీ పెద్దయ్యాక మొదలవడం మామూలే, మొదలైతే చాలామందికి ఉండిపోతుంది. ఇంటి దుమ్ములో ఉండే డస్ట్ మైట్స్‌లో, బొద్దింకల్లో కూడా ఇలాంటి ప్రోటీనే ఉంటుంది. పొద్దున్నే తుమ్ములు, ముక్కు కారడం, పిల్లికూతలు ఉన్నాయేమో మీరు రాయలేదు, ఉంటే డాక్టర్‌కి చెప్పండి, ఆస్తమా కంట్రోల్‌లో లేనివాళ్లకి అనాఫిలాక్సిస్ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. పెళ్లిలో అంత తీవ్రంగా రావడానికి మందు, డాన్స్ కూడా తోడై ఉంటాయి. మద్యం, ఒళ్లు అలిసే పని, నొప్పి మాత్రలు, ఇవి రియాక్షన్‌ని పెంచుతాయి.

చేపల అలర్జీకి కారణమయ్యే ప్రోటీన్ వేరు. రొయ్యలతో గొడవ మొదలయ్యాక కూడా బొచ్చె, కొరమేను, పండుగప్ప ఏ ఇబ్బందీ లేకుండా తింటూ ఉంటే మానక్కర్లేదు, ఇంట్లో వేరే మూకుడులో చేయండి చాలు. కానాగంతలు, ట్యూనా లాంటివి ఐస్ సరిగ్గా వేయక పాడైతే వాటిలో హిస్టమిన్ తయారై, తిన్నవాళ్లకి ముఖం ఎర్రబడి దద్దుర్లు వస్తాయి, అది అలర్జీ కాదు, ఆ చేప తిన్న నలుగురికీ వస్తుంది. ఆల్చిప్పలు, నత్తలు టెస్ట్ అయ్యేదాకా వద్దు.

ఆ ప్యానెల్ రిపోర్టు మాత్రం నాకు నచ్చలేదు. చూడకుండా పూర్తిగా కొట్టిపారేయను గానీ, రక్తంలో ఐజీఈ, అంటే అలర్జీకి సంబంధించిన యాంటీబాడీ, పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ తిండి పడదని కాదు, తిన్నప్పుడు ఏమైంది అనేదే ముఖ్యం. ఐజీజీ అనే ఇంకో యాంటీబాడీకి చేసే టెస్టులైతే దీనికి అసలు ఉపయోగమే లేదు. మీ వారు ఇన్నాళ్లూ చపాతీ, పెరుగు, టమాటా పప్పు తిని బాగానే ఉన్నారు కదా, అలాగైతే డాక్టర్‌కి ఓసారి చెప్పి మళ్లీ మొదలుపెట్టండి. పాలు తాగితే కడుపుబ్బరం ఒక్కటే ఉంటే అది లాక్టోజ్ అరక్కపోవడం, అలర్జీ కాదు. రొయ్య, పీత, డస్ట్ మైట్‌లకి స్కిన్ ప్రిక్ టెస్ట్ (చర్మం మీద చుక్క వేసి సూదితో గుచ్చి చూసేది) చేయించండి, దానికి వారం ముందు నుంచి సిట్రజిన్ ఆపాలి, ఎప్పుడు ఆపాలో వాళ్లనే అడిగి ఆపండి.

బాబుకి అలర్జీ తత్వం రావచ్చు, అంతేగానీ నాన్నకి పడనిదే వాడికీ పడదని ఏమీ లేదు. ఇప్పటికే రొయ్యలు తిని బాగుంటే భయపడి మాన్పించకండి, వాళ్ల అమ్మమ్మగారింట్లోనో ఎక్కడో నాన్న లేని చోట తింటాడు. ఇంతవరకు పెట్టకపోతే, వాడికి ఎగ్జిమా (దురదతో వచ్చే చర్మ సమస్య) గానీ ఆయాసం గానీ ఉంటే, పిల్లల డాక్టర్‌ని అడిగి పెట్టండి. ఇంకోటి, మీరు అడగలేదు గానీ, ముందుముందు ఎప్పుడైనా సీటీ స్కాన్‌కి వెళ్తే రొయ్యలు పడవంటే డై (స్కాన్ స్పష్టంగా కనపడటానికి ఎక్కించే మందు) ఇవ్వకూడదు అని ఎవరైనా అనొచ్చు, ఈ రెండిటికీ సంబంధం లేదు, అలర్జీ ఉందని చెప్పండి, స్కాన్ మాత్రం ఆపుకోకండి.