కథకి జ్ఞాపకం ఉండాలి

శ్రీకాకుళం

తమ్ముడూ,

నువ్వు పంపిన ఎనిమిది భాగాల కథాసారం, మొదటి భాగం స్క్రీన్‌ప్లే రెండేసి సార్లు చదివాను. పలాస జీడి కార్మికుల మీద, తిత్లీ తుపాను తర్వాతి ఉద్దానం ప్రాంతం మీద ఇంత శ్రద్ధగా ఒక సిరీస్ రాయడానికి కూర్చున్నందుకు చాలా సంతోషం. ‘తెలివైన సిరీస్ అనిపించుకోవాలి’ అని ఉత్తరంలో మూడు చోట్ల రాశావు. దాని గురించే చెప్తాను.

సిరీస్ తెలివి దాని జ్ఞాపకశక్తిలో ఉంటుంది. రెండో భాగంలో చేసిన అప్పు ఆరో భాగంలో వడ్డీతో సహా కనబడాలి. చెయ్యి విరిగినవాడు మరుసటి భాగంలో బస్తా ఎత్తకూడదు. ఒక అబద్ధం ఆడినవాడికి దాన్ని కాపాడుకోవడమే రోజూ ఒక పని కావాలి. చూసేవాళ్ళకి ఇవన్నీ గుర్తుంటాయి. కథ మర్చిపోయిందని ఒక్కసారి పట్టుకున్నారంటే, ఆ తర్వాత నువ్వు ఎంత గొప్ప మలుపు పెట్టినా సగం మనసుతోనే చూస్తారు.

నీ రాతలోనే చూడు. కథ 2020లో మొదలవుతుంది. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబర్ 11న. ఆ గాలికి తండ్రి తోట మొత్తం పడిపోయిందని కథాసారంలో నువ్వే రాశావు. మొదటి సీన్‌లో మాత్రం ‘కనుచూపు మేర కొబ్బరి తోట’ అన్నావు. నాటు కొబ్బరి నాటితే కాపుకి ఆరేడేళ్ళు పడుతుంది. 2020లో అక్కడ కూలిన చెట్ల మొదళ్ళు, వాటి మధ్య నడుమెత్తు మొక్కలు ఉండాలి. అలా దిద్దితే అబద్ధం పోవడమే కాదు, తండ్రి భూమి ఎందుకు అమ్మడో కూడా ఒక్క మాట లేకుండా తెలుస్తుంది. ఆ మొక్కలు కాపుకొచ్చేదాకా ఆయన ఆగదలచుకున్నాడు. కొడుక్కి ఆగే తీరిక లేదు. మొదటి భాగంలో నాలుగు పేజీలు సాగిన తండ్రీకొడుకుల వాదన అప్పుడు పేజీన్నరకి దిగుతుంది.

ఇప్పుడు తొమ్మిదో సీన్. జీడి పిక్కల యార్డులో గుమస్తా కొత్త కుర్రాడికి పరిశ్రమంతా వివరిస్తాడు: పిక్కలు ఎండబెడతాం, ఆవిరి పెడతాం, పెంకు కొడతాం, పొట్టు తీస్తాం, ఏరుతాం. ఇద్దరికీ తెలిసిన సంగతి ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నట్టు వినబడుతోంది. ఇలాంటి సీన్‌లోనే చూసేవాడి చెయ్యి ఫోన్ మీదకి వెళ్తుంది. అదే సమాచారాన్ని పప్పు ఏరే బల్ల దగ్గరికి తీసుకెళ్ళు. అక్కడ గుండు పప్పుని పౌను లెక్కన రకాలు కడతారు. 240 రకం అంటే పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, 220 నుంచి 240 పలుకులు. 320 రకం అంటే 300 నుంచి 320. పలుకు పెద్దదయ్యే కొద్దీ అంకె చిన్నదవుతుంది, ధర పెరుగుతుంది. గుమస్తా ఒక డబ్బా మీద 320 అని రాస్తాడు. ఏరే ఆవిడ గుప్పెడు పలుకులు అరచేతిలోకి తీసుకుని బొటనవేలితో ఒకసారి దొర్లిస్తుంది. గుమస్తా వైపు చూస్తుంది. మాట్లాడకుండా డబ్బా పక్కకి జరిపి తన పనిలో పడుతుంది. సీన్ అంతే. ఆమె చేతికి లెక్క తెలుసనీ, గుమస్తా తప్పు రాశాడనీ, అది ఆమె కనిపెట్టిందనీ, ఇప్పుడు అనదలచుకోలేదనీ చూసేవాడు తనంతట తాను కూడుకుంటాడు. ఆరో భాగంలో సరుకు మాయమైందని ఆమె మీదే నింద పడుతుంది కదా, అప్పుడు ఈ గుప్పెడు పలుకులే సాక్ష్యమవుతాయి. నువ్వు రాసుకున్న సీసీ కెమెరా రుజువు తీసెయ్. అది బయటి నుంచి వచ్చిన సాయం, ఆమె నైపుణ్యం నుంచి వచ్చింది కాదు.

పెంకు కొట్టేవాళ్ళ చేతులు కూడా రాతలోనే పెట్టు. పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, వేళ్ళు నల్లబడతాయి. నువ్వు రాయకపోతే మేకప్ వాళ్ళకి తెలియదు. నటి శుభ్రమైన గోళ్ళతో బల్ల దగ్గర కూర్చుంటే పలాసలో చూసేవాళ్ళకి మొదటి నిమిషంలోనే సిరీస్ అయిపోతుంది.

పని తెలిసినవాళ్ళు రాస్తే ఏమవుతుందో చూడాలంటే, అమెరికాలోని బాల్టిమోర్ నగరం మీద 2002 నుంచి 2008 దాకా వచ్చిన ‘ది వైర్’ చూడు. ఐదు సీజన్లు, 60 భాగాలు. దాన్ని తయారుచేసిన డేవిడ్ సైమన్ అంతకుముందు ఆ ఊరి పత్రికలో నేర వార్తల విలేకరి. తోడు రాసిన ఎడ్ బర్న్స్ పోలీసు డిటెక్టివ్‌గానూ, తర్వాత బడి పంతులుగానూ పనిచేశాడు. మొదటి సీజన్‌లో మత్తుమందు అమ్మే కుర్రాళ్ళు పేజర్‌లో నంబర్లు మార్చి పంపుకుంటారు. ఫోన్ బటన్లలో నడిమి 5ని దాటి ఎదురుగా ఉన్న అంకె నొక్కాలి: 1కి 9, 2కి 8, 3కి 7, 4కి 6. ఇక 5కి 0, 0కి 5. వీధి మూలన నిలబడ్డ కుర్రాడు కాగితం లేకుండా వాడుకోగలిగినంత తేలిక. అవతల పోలీసులు మాత్రం తలలు పట్టుకుంటారు. ఈ చిక్కు ఆ మనుషుల అవసరం లోంచి పుట్టింది కాబట్టి నమ్ముతాం. నీకూ అలాంటివి దొరకాలంటే ఏరే బల్ల పక్కన నెలరోజులు కూర్చో. కూలీ కిలోకి ఎలా కడతారు, బద్దలైన పప్పు ఎవరి ఖాతాలో పడుతుంది, తూకంలో మోసం ఏ చోట జరుగుతుంది, కరెంటు పోతే ఏం మాట్లాడుకుంటారు, ఇవి నోట్‌బుక్‌లో పెట్టు. 80 కిలోల పిక్కల బస్తా ధర పడిపోయిన రోజు ఇంట్లో ఏ ఖర్చు మొదట ఆగుతుందో అడుగు. నీ మూడో భాగానికి కావలసిన సంఘటన ఆ జవాబులో ఉంటుంది.

జ్ఞాపకం నిలబెట్టడానికి ఒక ఖాతా పుస్తకం వేసుకో. అడ్డంగా ఎనిమిది భాగాలు, నిలువుగా పాత్రల పేర్లు, చివరి వరుసలో ‘చూసేవాడు’. ప్రతి గడిలో ఆ భాగం ముగిసేసరికి వాళ్ళకి కొత్తగా ఏం తెలిసిందో ఒక్క వాక్యం. నీ కథకి నేను వేసి చూశాను. ఐదో భాగంలో చెల్లెలు విని నివ్వెరపోయే సంగతి మూడో భాగంలో ఆమె తలుపు పక్కన నిలబడి విన్నదే. ఒక పాత్ర గడులు వరసగా మూడు భాగాలు ఖాళీగా ఉంటే ఆ పాత్రకి పని లేదన్నమాట. తీసెయ్, లేదా ఇంకో పాత్రలో కలిపెయ్. ‘చూసేవాడు’ వరుస ఎప్పుడూ అందరికన్నా ముందుంటే ఉత్కంఠ ఉంటుంది కానీ ఆశ్చర్యం ఉండదు. ఎప్పుడూ వెనకే ఉంటే విసుగు. భాగానికి ఒకసారైనా అది మారాలి.

మలుపు సంగతి కూడా ఈ ఖాతాలోనే తేలుతుంది. మలుపుకి ముందు దాని ఆనవాలు కనీసం రెండుసార్లు కళ్ళ ముందు పడాలి. ఒకసారైనా చూసేవాడి మనసు ఇంకోదాని మీద ఉన్నప్పుడు పడాలి. ఏడో భాగంలో బావ మోసగాడని తేలుస్తావు, దానికి ముందు ఒక్క ఆనవాలూ లేదు. రెండోసారి చూసినవాడికి ‘అరె, అప్పుడే కనబడింది కదా’ అనిపించాలి.

రోజువారీ సీరియల్‌ని తీసిపారెయ్యకు. దాని నెమ్మదికి కారణాలున్నాయి. వారానికి ఐదారు రోజులు, అరగంటలో ప్రకటనలు పోగా ఇరవై నిమిషాల పైచిలుకు కథ. నిన్న చూడనివాళ్ళు ఈరోజు అందుకోవాలి కాబట్టి చెప్పిందే చెప్తారు. గురువారం రేటింగులు వస్తాయి, పడితే కథ దారి మారుతుంది. అలా మారినప్పుడు పాతది మర్చిపోక తప్పదు. నీకు ఆ ఒత్తిడి లేదు, ఎనిమిది భాగాలూ ముందే రాసుకునే వీలుంది. కాబట్టి ఒకే మాటకి నలుగురి మొహాలు చూపించే అలవాటు నీకు అక్కర్లేదు. నీ 22వ సీన్‌లో అది ఉంది.

ఇక యాస. మన యాసని తెర మీద నవ్వు కోసమే వాడడం చూసి చూసి మనసు నొచ్చుకుంది. నీ రాతలో కూడా డాక్టరూ తహసిల్దారూ పుస్తక భాష, కూలీలే ‘ఏటి’ అంటారు. ఇక్కడి మనిషి ఎదుటివాణ్ణి బట్టి మాట మారుస్తాడు. ఏరే ఆవిడ తర్వాతెప్పుడో నోరు విప్పితే గుమస్తాతో, ‘బాబూ, ఇది మూడొందల ఇరవై కాదండి’ అంటుంది. పక్కావిడతో, ‘ఏటే, ఆడికి లెక్కలు రావేటి?’ అంటుంది. ఈ ఊళ్ళో పుట్టిన డాక్టరు ఆస్పత్రిలో ఒకలా, ఇంటికెళ్ళి అమ్మతో ఇంకోలా మాట్లాడాలి. ప్రతి మాటనీ విరిచి రాయకు, చదివే నటుడు తడబడతాడు. క్రియలూ పలకరింపులూ సరిగ్గా పడితే చాలు. చెవి పదునెక్కడానికి మన ఊళ్ళోనే కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది. వారానికో పూట అక్కడ కూర్చుని ఉత్తరాంధ్ర కథలు గట్టిగా చదువుకో.

కొలతల మాట క్లుప్తంగా. పేజీకి సుమారు నిమిషం. నీ భాగం 40 నిమిషాలైతే 62 పేజీలు కుదరవు, 42 దాటనివ్వకు. ప్రతి సీన్ చివర ‘ఏం మారింది?’ అని రాసుకో. నీ 38 సీన్లలో పదకొండింటికి నాకు జవాబు దొరకలేదు. వాటికి పెన్సిల్‌తో గీత పెట్టాను.

14వ సీన్ మాత్రం ముట్టుకోకు. తండ్రి చీకటి పడ్డాక టార్చి పట్టుకుని కూలిన చెట్ల మొదళ్ళు లెక్కపెడుతుంటాడు, మధ్యలో అంకె మర్చిపోయి మళ్ళీ మొదటి మొదలు దగ్గరికి నడుస్తాడు. దానికి సంగీతం కూడా రాయకు.

ఆశీస్సులతో