సింధూకి, మొదటి నైట్ డ్యూటీకి ముందు

సింధూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నీకు ఇక్కడ మద్రాసులోనే ఉద్యోగం వచ్చిందని చెప్పింది. ఎంత సంతోషమేసిందో, మన ఇంట్లో నా తర్వాత నర్సువి నువ్వే కదా, కానీ వచ్చీ రాగానే నైట్లు, అదీ మెడికల్ వార్డు అనేసరికి నాకు నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే కూర్చుని టైప్ చేస్తున్నా.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరడిగినా ఇచ్చేయకు, చూపించి వెనక్కి తెచ్చుకో. తమిళనాడు నర్సుల కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ చేయించుకో. జీతం అడగడానికి మొహమాటపడకు, సుప్రీంకోర్టు చెప్తే వేసిన కమిటీ 2016లోనే అంది, 200 పడకలు దాటిన ప్రైవేట్ హాస్పిటల్లో గవర్నమెంట్ నర్సుతో సమానంగా ఇవ్వాలని, ఎంత చిన్న హాస్పిటలైనా నెలకి 20,000కి తగ్గకూడదని. అమలు రాష్ట్రాల చేతిలో పెట్టారు, చాలాచోట్ల కాగితం మీదే ఉండిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మకి కూడా తెలీదు ఇది.

నేను చేరిన రెండో ఏడు, ఒక ప్రైవేట్ హాస్పిటల్, మగవాళ్ళ వార్డు, 34 బెడ్లు, రాత్రికి నేనూ ఒక ఆయమ్మా అంతే. రాత్రి రెండింటికి అందరికీ వైటల్స్, అంటే పల్స్, బీపీ లాంటివి తీయాలి, సగంలో ఒకాయనకి ఫిట్స్ వచ్చాయి, ఇంకొకాయన సెలైన్ పీకేసుకున్నాడు, తీరా చూస్తే నాలుగు. మేట్రన్, అంటే నర్సులందరి మీదా పెద్దావిడ, వచ్చి చార్టులో గళ్ళు ఖాళీగా ఉంటే తిడుతుందని భయపడి పది గంటల రీడింగే కొంచెం అటూఇటూ మార్చి అందరికీ రాసేశా. 19వ బెడ్‌లో గూడూరు తాత, నన్ను "అమ్మణ్ణీ" అని పిలిచేవాడు. ఐదింటికి చూస్తే ఒళ్ళంతా చల్లటి చెమట, పల్స్ అందట్లేదు, లోపల బ్లీడింగ్. మధ్యాహ్నానికి పోయాడు. డాక్టరు చార్ట్ చూసి "రెండింటికి పల్స్ 82 ఉందా?" అంటే ఉంది సార్ అన్నా. అబద్ధం సింధూ.

తర్వాత నెలకి ధైర్యం చేసి ఇంకో నర్సుని వెయ్యండి అని అడిగితే, చార్టులన్నీ టైముకి నిండుగా ఉన్నాయిగా, ఒక్కదానివే చేస్తున్నావుగా అన్నారు. నోరు పెగల్లేదు. మనిషి చాలట్లేదన్న సాక్ష్యాన్ని నా చేత్తో నేనే చెరిపేశా.

అందుకే చెయ్యనిది రాయకు. టైముకి తీయలేకపోతే ఆ గడి వదిలెయ్, తీసినప్పుడు తీసిన టైమే రాయి, పొద్దున డ్యూటీ అప్పగించే హ్యాండోవర్‌లో ఎంతమంది పేషెంట్లకి ఎందరు నర్సులున్నారో చెప్పి బుక్‌లో రాయి. తిడితే తిట్టనీ. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క మామూలు హాస్పిటల్ వార్డులో ఐదుగురు పేషెంట్లకి ఒక నర్సు, టీచింగ్ హాస్పిటలైతే ముగ్గురికే ఒకరు. అది చట్టం కావాలి, ప్రతి షిఫ్టుకీ ఎందరు పేషెంట్లు ఎందరు నర్సులు అన్నది వార్డు గుమ్మం దగ్గర బోర్డు మీద రాయాలి, పేషెంట్ తాలూకు వాళ్ళు కూడా చూడాలి. 2023 బడ్జెట్లో 157 కొత్త నర్సింగ్ కాలేజీలన్నారు, మంచిదే, కానీ ఇలా ఒక్కదాని నెత్తిన వార్డంతా పెడితే చదివిన పిల్లలు ఎందుకుంటారు? నువ్వూ రెండేళ్ళలో జర్మనీ అంటున్నావట. తప్పనను, కానీ ఏజెంట్ల దగ్గరికి పోకు, ముందు మన ఓంక్యాప్‌లో, అదే విదేశీ ఉద్యోగాలకి పంపే ఆంధ్రా గవర్నమెంట్ సంస్థలో, కనుక్కో.

మెత్తటి చెప్పులు తెచ్చుకో. పినాకినికి వస్తే సెంట్రల్‌కి పెదనాన్న వస్తారు. మొదటి నైట్ అయ్యాక తిన్నగా మనింటికి రా, పెసరట్టు వేసి పెడతా, ఎన్ని గళ్ళు ఖాళీగా వదిలావో చెప్పు, తిట్టను.

మీ పెద్దమ్మ