ఇంటి నుంచి పనిచేస్తే ఉద్యోగికి తృప్తి, సంస్థకు పని రెండూ పెరుగుతాయా?

పెరగొచ్చు, కానీ పనిని బట్టి. చైనా ట్రావెల్ సంస్థ సీట్రిప్ 2010 చివర్లో షాంఘై కాల్ సెంటర్లో, ముందుకొచ్చిన వాళ్లలోంచి లాటరీ తీసి కొందరికి తొమ్మిది నెలలు ఇంటి నుంచే పని ఇచ్చింది. పనితీరు 13 శాతం పెరిగింది. వేగం పెరిగింది కొంచెమే. బ్రేకులు, సిక్ లీవులు తగ్గి ఎక్కువసేపు పనిచేయడమే అసలు కారణం. తృప్తి పెరిగిందన్నారు, మానేసేవాళ్లూ సగానికి తగ్గారు.

అయినా ప్రయోగం అయ్యాక దాదాపు సగం మంది ఆఫీసుకే తిరిగొచ్చారు. ఒంటరితనం ఒకటి, పైగా పనితీరుకు తగ్గ ప్రమోషన్లు రాలేదు (మేనేజర్ కంటికి కనపడకపోతే అంతే మరి!). అదే సంస్థ తర్వాత వారానికి రెండు రోజులే ఇంటి నుంచి అని పెట్టి చూస్తే, పనితీరు తగ్గలేదు, రాజీనామాలు మూడో వంతు తగ్గాయి.

పక్కవాళ్లను చూసి నేర్చుకోవాల్సిన ఫ్రెషర్లకు మాత్రం ఈ లెక్క వర్తిస్తుందని అనుకోను.